జన్యు పరీక్ష: అడిగేదొకరు, మోసేదొకరు

2025 సెప్టెంబరు 1 నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య కొత్త నిబంధన ఒకటి అమలు చేస్తోంది. ప్రపంచ ర్యాంకింగ్ పోటీల్లో మహిళల విభాగంలో పరుగెత్తాలన్నా, దూకాలన్నా, విసరాలన్నా ముందుగా జన్యు పరీక్ష చేయించుకోవాలి. జీవితంలో ఒక్కసారి చాలు. బుగ్గ లోపలి పొరను పుల్లతో రుద్ది తీసిన నమూనా అయినా సరే, కాస్త రక్తమైనా సరే. అందులో ఎస్‌ఆర్‌వై అనే జన్యువు ఉందా లేదా అన్నదొక్కటే చూస్తారు. లేదంటే ఆ క్రీడాకారిణికి ఇక అడ్డు లేదు. ఉందంటే, అతి కొద్దిమందికి దొరికే మినహాయింపు తప్ప, మహిళల విభాగంలో ఆమెకు చోటు లేదు. అదే ఏడాది మే నెలాఖరులో వరల్డ్ బాక్సింగ్ సంస్థ కూడా ఇలాంటి పరీక్షను తప్పనిసరి చేస్తున్నట్టు ప్రకటించింది.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. ముప్పై ఏళ్ల పాటు చేసి, పనికిరాదని 1999లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ పక్కన పెట్టిన పద్ధతే మెరుగుపడిన సాంకేతికతతో తిరిగొచ్చింది. అందుకే దీన్ని విడిగా కాకుండా పాత చరిత్రతో కలిపి చూడాలి. క్రీడల్లో జన్యు పరీక్ష అంటే ఆడా మగా తేల్చడం ఒక్కటే కాదు కూడా. ఆటగాడి గుండె మైదానంలో ఆగిపోతుందా అని చూసే పరీక్ష ఉంది. సికిల్ సెల్ లక్షణం ఉందా అని చూసేది ఉంది. ఎనిమిదేళ్ల పిల్లవాడు పరుగుకు పనికొస్తాడా, ఫుట్‌బాల్‌కు పనికొస్తాడా అని డబ్బు పుచ్చుకుని చెప్పే వ్యాపారమూ ఉంది.

వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. ఆసుపత్రిలో జన్యు పరీక్ష కావాలనేది రోగి, జవాబు అందేదీ రోగికే. క్రీడల్లో అడిగేది సమాఖ్య, క్లబ్బు, విశ్వవిద్యాలయం, లేదా తల్లిదండ్రులు. జవాబు ముందుగా వాళ్ల బల్ల మీదికి వెళుతుంది. దాని బరువు మాత్రం ఆ శరీరం ఎవరిదో ఆ మనిషి మోయాలి. నా దృష్టిలో ఈ మొత్తం ప్రశ్నకు కీలకం ఇక్కడే ఉంది.

1966లో బుడాపెస్ట్‌లో జరిగిన యూరోపియన్ అథ్లెటిక్స్ పోటీల్లో మహిళలను బట్టలు విప్పించి వైద్యుల బృందం ముందు నడిపించారు. అదే ఏడాది కింగ్‌స్టన్‌లో కామన్వెల్త్ క్రీడలకు వెళ్లినవాళ్లను వైద్యులు చేతులతో పరీక్షించారు. ఈ అవమానం మీద గగ్గోలు రేగాక, గౌరవప్రదమైన మార్గమంటూ ప్రయోగశాలను తెరమీదికి తెచ్చారు. 1967లో కీవ్‌లో దానికి మొదటి బలి పోలండ్ పరుగుల రాణి ఎవా క్వొబుకోవ్‌స్కా. టోక్యో ఒలింపిక్స్ రిలేలో స్వర్ణం, వంద మీటర్లలో కాంస్యం గెలిచిన మనిషి. క్రోమోజోముల్లో తేడా ఉందని ప్రకటించి ఆమెను పోటీల నుంచి తప్పించారు. తర్వాత రికార్డులూ కొట్టేశారు.

1968 నుంచి ఒలింపిక్స్‌లో బార్ బాడీ పరీక్ష మొదలైంది. ఆడవాళ్ల కణాల్లో ఉండే రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి ముడుచుకుని చిన్న చుక్కలా కనిపిస్తుంది. ఆ చుక్క కనబడితే ఆడ, లేకపోతే కాదు అన్నది లెక్క. ఈ లెక్కలో పెద్ద చిక్కుంది. పుట్టుకతో ఒకే ఎక్స్ ఉన్న టర్నర్ స్త్రీ ఇందులో తప్పుతుంది. రెండు ఎక్స్‌లూ ఒక వై ఉన్న పురుషుడు నెగ్గుతాడు. చుక్క క్రోమోజోమును చూపిస్తుందే తప్ప కండరాన్ని చూపించదు. ఫిన్లాండ్ జన్యుశాస్త్రవేత్త ఆల్బర్ట్ డి లా షాపెల్ ఏళ్ల తరబడి ఈ మాటే చెబుతూ వచ్చాడు. క్రీడా పెద్దలు చాలాకాలం చెవిన పెట్టలేదు.

ఈ పరీక్ష ఒక మనిషిని ఏం చేస్తుందో తెలియాలంటే మరియా హోసె మార్టినెజ్ పాటిన్యో కథ తెలుసుకోవాలి. స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి. 1983లో హెల్సింకీ ప్రపంచ పోటీల్లో పరీక్ష నెగ్గి ‘స్త్రీత్వ ధ్రువపత్రం’ తీసుకుంది. 1985లో కోబెలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలకు వెళుతూ ఆ కాగితం ఇంట్లో మరిచిపోయింది. దాంతో మళ్లీ పరీక్ష చేశారు. ఈసారి ఫలితం వేరుగా వచ్చింది. గాయమైనట్టు నటించి తప్పుకోమని చెప్పారు. ఆమె అలాగే చేసింది. తోటివాళ్లు పరుగెత్తుతుంటే ప్రేక్షకుల మధ్య కూర్చుని చూసింది. తర్వాత తేలిన సంగతి: ఆమె క్రోమోజోములు ఎక్స్‌వై. అయితే టెస్టోస్టిరాన్‌కు ఆమె శరీరం అసలు స్పందించదు. పుట్టినప్పటి నుంచీ ఆడపిల్లగానే పెరిగింది. ఆ హార్మోన్ వల్ల ఆమె కండరాలకు చేరే లాభం సున్నా.

1986 జనవరిలో దేశీయ పోటీల నుంచి నిశ్శబ్దంగా తప్పుకోమన్నారు. ఆమె ఒప్పుకోలేదు. గెలిచింది. విషయం పత్రికలకెక్కింది. జాతీయ క్రీడాకారుల వసతి గృహం నుంచి బయటికి పంపేశారు, ఉపకార వేతనం ఆపేశారు, రికార్డులు చెరిపేశారు. పెళ్లి చేసుకోవాల్సినవాడు వదిలి వెళ్లాడు. డి లా షాపెల్ వంటి శాస్త్రజ్ఞుల అండతో పోరాడి 1988లో తిరిగి పోటీ చేసే హక్కు సాధించింది. అప్పటికి శిక్షణ తెగిపోయింది, వయసు మించుతోంది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ అర్హత సెకనులో పదో వంతు తేడాతో పోయింది. 2005లో లాన్సెట్ వైద్య పత్రికలో ఆమే తన కథ రాసుకుంది. పరీక్షించినవాళ్లకు ఆ రోజు పని పూర్తయిపోయింది. ఆమెకు మాత్రం 1992 దాకా ఏడేళ్లు పట్టింది, అయినా పోయింది తిరిగి రాలేదు.

1996లో అట్లాంటాలో 3,387 మంది మహిళలను పరీక్షించారు. ఎనిమిది మందిలో ఎస్‌ఆర్‌వై కనిపించింది. వివరంగా చూశాక ఎనిమిది మందినీ పోటీకి అనుమతించారు. అంత మందిని వడపోసి చివరికి ఒక్కరినీ ఆపాల్సిన అవసరం రాలేదు. మూడేళ్లకు ఒలింపిక్ కమిటీ తప్పనిసరి పరీక్షకు స్వస్తి పలికింది.

ఆ తర్వాత వచ్చింది అనుమానాల కాలం. అందరికీ పరీక్ష లేదు, ఎవరి మీద గుసగుసలు లేస్తే వాళ్లకే. కండలు తిరిగి ఉందనో, గొంతు బొంగురనో, ఛాతీ లేదనో. ఈ చూపు ఎవరి మీద పడిందో గమనిస్తే అందులో ఒక వరస కనిపిస్తుంది. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల రజతం గెలిచిన శాంతి సౌందరరాజన్ తమిళనాడు పుదుక్కోట్టై జిల్లా పల్లెలో ఇటుక బట్టీ కూలీల బిడ్డ. పరీక్ష పేరుతో పతకం తీసేసుకున్నారు. వార్త దేశమంతా పాకింది. ఆ అవమానంలో ప్రాణం తీసుకోబోయి బతికి, మళ్లీ బట్టీ పనికి వెళ్లి, చాలా ఏళ్లకు కోచ్‌గా నిలదొక్కుకుంది. 2009 బెర్లిన్ ప్రపంచ పోటీల్లో 800 మీటర్ల స్వర్ణం గెలిచిన క్యాస్టర్ సెమెన్యాది దక్షిణాఫ్రికాలో మారుమూల ఊరు. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ జట్టు నుంచి ఆఖరి నిమిషంలో తప్పించిన ద్యుతీ చంద్ ఒడిశా జాజ్‌పూర్ జిల్లాలో నేత కుటుంబపు అమ్మాయి. అప్పటికామెకు పద్దెనిమిదేళ్లు.

ద్యుతీ కథలో మన హైదరాబాదుకూ చోటుంది. జాతీయ శిబిరం తలుపులు మూసుకున్నప్పుడు ఆమె గచ్చిబౌలిలో పుల్లెల గోపీచంద్ అకాడమీలో తలదాచుకుంది. కోచ్ నాగపురి రమేశ్ దగ్గర సాధన సాగించింది. శరీరంలో టెస్టోస్టిరాన్ తగ్గించుకోవడానికి మందులు వాడబోనని చెప్పి లొసాన్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లింది. 2015 జులైలో ఆ న్యాయస్థానం 2011 నాటి హార్మోన్ నిబంధనలను రెండేళ్లు నిలిపివేసింది. ఆ హార్మోన్ ఎక్కువగా ఉన్న మహిళకు మిగతా మహిళల మీద ఎంత ఆధిక్యం వస్తుందో సమాఖ్య రుజువు చేయలేకపోయింది అన్నది తీర్పు సారాంశం. ద్యుతీ 2016లో రియో వెళ్లింది. ఒలింపిక్స్‌లో వంద మీటర్లు పరుగెత్తిన భారతీయ మహిళ 1980లో పి.టి. ఉష తర్వాత ఆమే. అనుమానం నిజమా కాదా అన్నదానికంటే, రుజువు చేయాల్సిన భారం నిబంధన పెట్టినవాళ్ల మీద ఉందని ఆ తీర్పు చెప్పడం నాకు ముఖ్యంగా తోస్తుంది.

ఆ గెలుపు నిలవలేదు. 2018లో కొత్త నిబంధనలు వచ్చాయి. 400 మీటర్ల నుంచి మైలు వరకు పరుగులకు మాత్రమే, లీటరు రక్తంలో టెస్టోస్టిరాన్‌కు 5 నానోమోల్ పరిమితితో. 2019 మేలో అదే న్యాయస్థానం సెమెన్యా వాదనను 2–1 ఆధిక్యంతో తోసిపుచ్చింది. నిబంధన వివక్షే, అయినా అవసరమైనదీ తగినదీ అంది. 2023లో పరిమితిని 2.5కు దించి అన్ని పోటీలకూ విస్తరించారు. 2025లో హార్మోన్ లెక్క నుంచి జన్యువు లెక్కకు మారారు. ఇదంతా జరుగుతుండగా, 2017లో సమాఖ్య ఆధారంగా చూపిన అధ్యయనానికి దాని రచయితలే 2021లో సవరణ ప్రచురించారు. ఆ ఫలితాలు హార్మోనుకూ ప్రదర్శనకూ మధ్య సంబంధాన్ని చూపుతాయే గాని ఒకటి మరొకదానికి కారణమని రుజువు చేయవని ఒప్పుకున్నారు. ఆ అధ్యయనాన్ని చూపి తెచ్చిన నిబంధన వచ్చి అప్పటికే మూడేళ్లయింది.

సెమెన్యా స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లింది. 2025 జులై 10న అక్కడి గ్రాండ్ చాంబర్ ఆమెకు న్యాయమైన విచారణ హక్కు దక్కలేదని 15–2తో తేల్చింది. స్విట్జర్లాండ్ ఉన్నత న్యాయస్థానం ఆమె కేసును తగినంత లోతుగా పరిశీలించలేదంది. నిబంధనల్లో వివక్ష ఉందా అన్న ప్రశ్నలోకి మాత్రం వెళ్లలేదు, అది తన పరిధి కాదంది. ఈ తీర్పు బయటపెట్టిన నిజం ఒకటుంది. అంతర్జాతీయ క్రీడా సమాఖ్య ఒక ప్రైవేటు సంఘం. ప్రపంచ అథ్లెటిక్స్ కార్యాలయం మొనాకోలో ఉంది. ఆడాలంటే దాని షరతులు ఒప్పుకోవాలి, వివాదమొస్తే లొసాన్‌కే పోవాలి. ఏ దేశ రాజ్యాంగమూ నేరుగా ఆ గది లోపలికి రాదు. ఒడిశా నేతకారుని బిడ్డ తన శరీరం గురించి న్యాయం కోసం ఆల్ప్స్ పర్వతాల అంచుకు వెళ్లాలి. వకీళ్లను ఉచితంగా ఇచ్చేవాళ్లు దొరికారు కాబట్టి ద్యుతీ వెళ్లగలిగింది. దొరకనివాళ్ల పేర్లు మనకు తెలియవు.

ఇంతకంటే చేదు నిజాలున్నాయి. అభివృద్ధి చెందుతున్న దేశాల నుంచి వచ్చిన నలుగురు యువ క్రీడాకారిణులకు ఫ్రాన్స్‌లో వృషణ కణజాలం తొలగించే శస్త్రచికిత్సలు, దానితోపాటు జననాంగాల శస్త్రచికిత్సలు చేసినట్టు 2013లో ఒక వైద్య పత్రికలో అక్కడి వైద్యులే రాశారు. ఆ భాగాల వల్ల ఆరోగ్యానికి ప్రమాదం లేదని కూడా వాళ్లే రాశారు. ఉగాండా పరుగు క్రీడాకారిణి ఆనెట్ నెగెసా 2012 లండన్ ఒలింపిక్స్‌కు అర్హత సాధించి కూడా వెళ్లలేదు. శస్త్రచికిత్స చేయించుకుంది, ఆటే ముగిసిపోయింది. తాము అలా చేయమనలేదని సమాఖ్య అంటుంది. ఎవరు చెప్పినా చెప్పకున్నా, ఇరవై ఏళ్ల పల్లె అమ్మాయి ముందు ‘ఆట కావాలా, శరీరం కావాలా’ అని పెడితే ఆమె ఇచ్చే సమ్మతిని సమ్మతి అనలేం. 2019లో ప్రపంచ వైద్య సంఘం ఇలాంటి నిబంధనల అమలులో పాలుపంచుకోవద్దని వైద్యులకు పిలుపునిచ్చింది ఇందుకే. అదే ఏడాది ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి కూడా దక్షిణాఫ్రికా చొరవతో తీర్మానం చేసింది.

రెండో వైపు వాదనను తేలిగ్గా తీసిపారేయడం తప్పు. పురుషుల వంద మీటర్ల రికార్డు 9.58 సెకన్లు, మహిళలది 10.49. 800 మీటర్లలో ఒకటి 1:40.91, రెండోది 1:53.28. యవ్వనంలో టెస్టోస్టిరాన్ కట్టిన కండరం, ఎముక, రక్తం ఇచ్చే తేడా ఇది. మహిళలకు విడి విభాగం లేకపోతే ఏ ఆడపిల్లా పతకం వేదిక ఎక్కదు. ఆ విభాగానికి ఎక్కడో ఒక గీత ఉండాలి. 2016 రియోలో 800 మీటర్ల ఫైనల్లో పతకాలు గెలిచిన ముగ్గురూ తర్వాత ఈ నిబంధనల పరిధిలోకి వచ్చారు. ఆ పరుగులో నాలుగో స్థానంలో వచ్చిన అమ్మాయి బాధను కుళ్లుబోతుతనం అనడం అన్యాయం. తనకేం జరిగిందని అడిగే హక్కు ఆమెది.

గీత అవసరమని ఒప్పుకున్నా, ఎస్‌ఆర్‌వై ఆ గీతను సరిగ్గా గీస్తుందా? 1990లో లండన్‌లో ఈ జన్యువును కనుగొన్న బృందంలోని ఆండ్రూ సింక్లెయిర్ 2025లో సమాఖ్య నిర్ణయాన్ని బాహాటంగా తప్పుబట్టాడు. ఎస్‌ఆర్‌వై గర్భంలో వృషణాలు ఏర్పడే క్రమానికి తొలి మీట. ఆ మీట పనిచేసిందా, వృషణాలు ఏర్పడ్డాయా, హార్మోన్ తయారైందా, తయారైనదాన్ని శరీరం వాడుకుందా అన్నవి ఆ పరీక్ష చెప్పదు. పరీక్ష చేసే మగ సాంకేతిక నిపుణుడి చర్మకణం ఒకటి నమూనాలో పడినా ఫలితం తారుమారయ్యే ప్రమాదం ఉందన్నదీ ఆయన హెచ్చరికే. పాటిన్యో లాంటివారికి, అంటే హార్మోనుకు శరీరం పూర్తిగా స్పందించనివారికి, కొత్త నిబంధనలో మినహాయింపు ఉంది. ముప్పై ఏళ్ల అనుభవం ఆ మేరకు పనికొచ్చింది. కానీ ఆ మినహాయింపు దొరకాలంటే మరిన్ని పరీక్షలు, మరిన్ని గదులు, మరింతమంది అపరిచితుల చేతులు. ‘ఒక్క పుల్ల’తో అయిపోయే పని కాదది.

పుట్టుకతో వచ్చిన ఆధిక్యాలను ఆట ఎప్పుడూ సమానంగా చూడలేదు. డి లా షాపెల్ బృందమే 1990ల మొదట్లో ఫిన్లాండ్ స్కీయింగ్ వీరుడు ఈరో మాంటీరాంటా కుటుంబాన్ని పరీక్షించింది. ఎర్ర రక్తకణాలు విపరీతంగా తయారయ్యే అరుదైన జన్యుమార్పు వాళ్లలో ఉందని తేల్చింది. మందు వాడి ఇతరులు దొంగతనంగా తెచ్చుకునే లాభాన్ని ఆయన తల్లి కడుపులోనే తెచ్చుకున్నాడు. ఏడు ఒలింపిక్ పతకాలు గెలిచాడు. ఆయన పతకం వెనక్కి ఇవ్వాలని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. పోటీలను రక్తకణాల ఆధారంగా విభజించలేదు కాబట్టి సెమెన్యాతో ఆయన పోలిక పూర్తిగా అతకదన్న మాట నిజమే. అయినా ప్రకృతి ఇచ్చిన తేడాల్లో ఏది వరం, ఏది నేరం అన్నది శాస్త్రం తేల్చింది కాదు, మనం తేల్చిందే. మనం తేల్చినదానికి కారణాలు చూపాల్సింది కూడా మనమే.

నా అభిప్రాయం దాచను. గీత అక్కర్లేదని నేననను. కానీ ఆ గీత వల్ల నష్టపోయే అమ్మాయికి ఫలితం గోప్యంగా అందే ఏర్పాటు, ఆమె భాషలో విడమరచి చెప్పే వైద్యురాలు, మనసుకు తోడుండే మనిషి, ఖర్చు లేకుండా అప్పీలు చేసుకునే దారి లేనప్పుడు, పరీక్ష చేయడమే హక్కుల ఉల్లంఘన. పరీక్ష కిట్టు కొనడానికి డబ్బు కేటాయించిన సమాఖ్యలు వీటికి ఎంత కేటాయించాయో అడగాలి.

గోప్యత లేకపోతే ఏమవుతుందో మన అమ్మాయే చూసింది. 2023 హాంగ్జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం గెలిచిన అగసర నందిని సికింద్రాబాదులో టీ అమ్మే తండ్రి కూతురు. పతకం మెడలో పడీ పడకముందే జట్టులోని మరో క్రీడాకారిణి ఏ ఆధారమూ చూపకుండా ఆమె స్త్రీత్వాన్ని శంకిస్తూ సామాజిక మాధ్యమంలో రాసింది. తర్వాత తీసేసి క్షమాపణ చెప్పింది. నందిని 2025లో గుమిలో ఆసియా ఛాంపియన్‌గా నిలిచింది. అందరికీ ఒకేలా పరీక్ష పెడితే ఇలాంటి నిందలు ఆగిపోతాయని కొందరు నిజాయితీగానే వాదిస్తారు. ఆగుతాయన్న నమ్మకం నాకు లేదు. పరీక్ష జరిగిందని తెలిస్తే ‘ఫలితం ఏంటట?’ అన్న ప్రశ్న మొదలవుతుంది. పైగా జన్యువు ఆ ఒక్క మనిషిది కాదు. పాటిన్యోలో ఉన్న లక్షణం ఎక్స్ క్రోమోజోము మీద తల్లి నుంచి వస్తుంది. అక్కచెల్లెళ్లకూ ఉండొచ్చు. ఒక క్రీడాకారిణి ఫలితం బయటపడితే, ఎన్నడూ మైదానం ముఖం చూడని చెల్లెలి పెళ్లి సంబంధం దగ్గర ఊళ్లో మాట లేస్తుంది. ఆ చెల్లెలి సమ్మతి ఎవరూ అడగలేదు.

చట్టాలు దేశానికో తీరున ఉన్నాయి. ఫ్రాన్స్‌లో వైద్యానికో పరిశోధనకో తప్ప జన్యు పరీక్ష చేయరాదు. దాంతో 2025 సెప్టెంబరులో లివర్‌పూల్ ప్రపంచ బాక్సింగ్ పోటీల వేళ ఫ్రెంచి మహిళా బాక్సర్లు స్వదేశంలో పరీక్ష చేయించుకోలేక చిక్కుల్లో పడ్డారు. బయటి ప్రయోగశాల ఫలితాలు సమయానికి అందక జట్టు మొత్తం పోటీకి దూరమైంది. జన్యు పరీక్షలను ఆరోగ్య అవసరాలకే పరిమితం చేయాలని 1997 నాటి ఒవియెడో ఒప్పందం చెబుతుంది. జన్యు లక్షణాల ఆధారంగా ఎవరినీ వివక్షకు గురిచేయరాదని అదే ఏడాది యునెస్కో ప్రకటన చెప్పింది. తన ఫలితం తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా మనిషికి ఉందని ఈ రెండూ గుర్తించాయి. క్రీడా నిబంధన ఆ హక్కును మొదటి అడుగులోనే తీసేస్తుంది.

గుండె విషయానికొస్తే ప్రశ్న వేరే రూపం తీసుకుంటుంది. 2005లో చికాగో బుల్స్ బాస్కెట్‌బాల్ జట్టు ఎడీ కర్రీ అనే యువ ఆటగాడిని జన్యు పరీక్ష చేయించుకోమంది. అతని గుండె లయ తప్పింది. గుండె కండరం మందమయ్యే జబ్బేమోనని భయం. భయానికి కారణం లేకపోలేదు, 1993లో బాస్టన్ ఆటగాడు రెగ్గీ లూయిస్ సాధన చేస్తూ కుప్పకూలి 27 ఏళ్లకే పోయాడు. పరీక్షలో తప్పితే ఏటా 4 లక్షల డాలర్ల చొప్పున యాభై ఏళ్లు ఇస్తామని కూడా క్లబ్బు ముందుకొచ్చింది. కర్రీ ఒప్పుకోలేదు. తన జన్యువులు యజమాని చేతికి ఇవ్వనన్నాడు. బుల్స్ అతన్ని న్యూయార్క్ జట్టుకు పంపేసింది. అతను 2012 దాకా ఆడాడు. అమెరికాలో ఉద్యోగంలో, ఆరోగ్య బీమాలో జన్యు వివక్షను నిషేధించే చట్టం 2008లో గాని రాలేదు.

సరిగ్గా ఇదే జబ్బు మీద మన దేశంలో ఒక తీర్పుంది. ఈ గుండె జబ్బు ఉన్న వ్యక్తికి, అది జన్యుపరమైనదంటూ బీమా సంస్థ క్లెయిము తిరస్కరిస్తే, జన్యు లక్షణాల ఆధారంగా వివక్ష చూపడం రాజ్యాంగ విరుద్ధమని 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. బీమా కేసే అయినా, క్రీడా సమాఖ్యల గది గోడ మీద అతికించాల్సిన వాక్యమది. గుండె పరీక్షలు అక్కర్లేదని కాదు. ఈసీజీ, ఎకో, వైద్యుడి చెయ్యి ముందు ఉండాలి. జన్యు పరీక్ష అవసరమైతే ఫలితం ఆటగాడికీ అతని వైద్యుడికీ తెలియాలి, క్లబ్బుకు ‘ఆడొచ్చు, ఆడకూడదు’ అన్న మాట చాలు.

సికిల్ సెల్ సంగతి మన నేలకు మరింత దగ్గర. 2006లో అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ ఆటగాడు డేల్ లాయిడ్ కఠిన సాధన తర్వాత చనిపోయాడు. అతనిలో సికిల్ సెల్ లక్షణం ఉందని తర్వాత తెలిసింది. కుటుంబం దావా వేసింది, రాజీ కుదిరింది. 2010 నుంచి అక్కడి కళాశాల క్రీడల అగ్రశ్రేణిలో ఈ పరీక్ష తప్పనిసరి అయింది. అమెరికా రక్తవైద్యుల సంఘం దీన్ని వ్యతిరేకించింది. వాళ్ల మాట సూటిగా ఉంది: నీళ్లు తాగనివ్వండి, విశ్రాంతి ఇవ్వండి, ఎండకు నెమ్మదిగా అలవాటు చేయండి, ఇవి అందరికీ చేస్తే ఎవరినీ పరీక్షించకుండానే ప్రాణాలు దక్కుతాయి. అమెరికా సైన్యం ఈ దారిలోనే వెళ్లి ఫలితం చూసింది. పరీక్ష చేస్తే కోచ్ జాగ్రత్త పడతాడన్నది ఒక వాదన. జాగ్రత్త పడే బదులు ఆ పిల్లవాడిని జట్టులోకే తీసుకోకపోతే? ఆ లక్షణం ఎక్కువగా ఉండేది నల్లజాతి విద్యార్థుల్లో.

మన దగ్గర ఈ లక్షణం కనిపించేది ప్రధానంగా గిరిజన ప్రాంతాల్లో. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం ఏడు కోట్ల మందిని పరీక్షించి కార్డులు ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. అందులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ గిరిజన జిల్లాలూ ఉన్నాయి. వైద్యపరంగా మంచి పని, నిర్మొహమాటంగా సమర్థిస్తాను. అయితే ఆ కార్డు గిరిజన గురుకులంలో క్రీడా ఎంపిక జరిగే రోజు వ్యాయామ ఉపాధ్యాయుడి చేతికి వస్తే ఏం చేయాలో ఇప్పుడే రాసి పెట్టాలి. లక్షణం మోసేవాళ్లు జబ్బు మనుషులు కారు. మామూలుగా ఆడగలరు, గెలవగలరు. ఎండలో పరుగు పెట్టించే ముందు నీళ్ల బాటిల్ అందరికీ ఇవ్వాలి. కార్డు చూసి పేరు కొట్టేయకూడదు.

పిల్లల ప్రతిభను జన్యువులో వెతికే వ్యాపారం మీద ఎక్కువ మాటలు ఖర్చు చేయను. 2003లో ఏసీటీఎన్3 అనే జన్యువుకూ వేగపు పరుగుకూ ఉన్న సంబంధం బయటపడింది. 2008కల్లా అమెరికాలోని కొలరాడోలో 149 డాలర్లకు చిన్నపిల్లల బుగ్గ లోపలి నమూనా పరీక్షించి ఏ ఆటకు పంపాలో చెప్పే కంపెనీ వెలిసింది. ఆ జన్యువు పనిచేయని రూపం ఉన్నవాళ్లు ప్రపంచంలో వంద కోట్లకు పైనే ఉంటారు. పరుగు ప్రతిభలో దాని వాటా చాలా స్వల్పం. ప్రతిభను గుర్తించడానికి ఇలాంటి పరీక్షలు పనికిరావని 2015లో క్రీడా వైద్య నిపుణులు ఉమ్మడి ప్రకటన ఇచ్చారు. కిట్లు ఇంకా అమ్ముతూనే ఉన్నారు. ఎనిమిదేళ్ల పిల్ల పరుగెత్తడం ఇష్టమంటే పరుగెత్తనివ్వాలి. ఆమె పెద్దయ్యాక కూడా ఎక్కడో సర్వర్లో ఉండిపోయే సమాచారాన్ని తల్లిదండ్రులు కొని పెట్టాల్సిన అగత్యం లేదు.

మన దేశంలో ఒక విచిత్రం ఉంది. ఏ స్కానింగ్ సెంటరు గోడ మీద చూసినా లింగ నిర్ధారణ చేయబడదు, చేయడం నేరం అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. 1994 చట్టం పుణ్యం. ఆడపిల్ల పుట్టకముందు ఆ సమాచారం ఎంత ప్రమాదమో ఈ దేశానికి అనుభవం మీద తెలిసింది. పుట్టి, పెరిగి, పతకం గెలిచే ఆడపిల్ల గురించి అదే రకం సమాచారం బయటికొస్తే కాపాడే చట్టం మాత్రం లేదు. 2017లో సుప్రీంకోర్టు పుట్టస్వామి తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కు చేసింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది, 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. జన్యు సమాచారానికి ప్రత్యేక రక్షణ అందులో లేదు. ఫోన్ నంబరైనా జన్యువైనా ఒకే గాటన కట్టారు. 2025 జాతీయ క్రీడా పాలన చట్టం క్రీడా ట్రిబ్యునల్‌ను తెచ్చింది గాని అంతర్జాతీయ క్రీడల వివాదాలు దాని పరిధిలోకి రావు.

డేటా చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు పిల్లలే, తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ప్రపంచ జూనియర్ పోటీలకు వెళ్లే అమ్మాయిల్లో చాలామంది ఆ వయసు లోపువాళ్లే. నమూనా ఇచ్చేది శిబిరంలో ఉన్న పదహారేళ్ల పిల్ల. సంతకం పెట్టాల్సింది ఊళ్లో కూలికి వెళ్లిన తండ్రి. ఇంగ్లిషులో ఉన్న ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫోటో తీసి పంపి, ‘పాస్‌పోర్టు పని, సంతకం పెట్టు నాన్నా’ అనిపించడం శిబిరాల్లో అసాధ్యమేమీ కాదు. ఆ కాగితం తెలుగులో ఉండాలి. ఇందులో ఏం వెతుకుతారో, ఏం తేలొచ్చో, తేలితే నీ కూతురికీ ఇంట్లో మిగతావాళ్లకూ ఏమవుతుందో, వద్దంటే ఏమవుతుందో, ఫలితం ఎవరెవరు చూస్తారో, ఎన్నాళ్లు దాస్తారో రాసి ఉండాలి. చదివి వినిపించడానికి కోచ్‌తో సంబంధం లేని వైద్యుడు ఉండాలి. వచ్చే జూనియర్ శిబిరం మొదలయ్యేలోపు ఈ కాగితం సిద్ధం చేయడానికి సమాఖ్యకు డబ్బు గాని, కొత్త చట్టం గాని అక్కర్లేదు.